పాగ్సన్ – చరతారలు

విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, అనగా 1868 ఆగస్టు 18వ తేదీ. ఉదయం తొమ్మిది గంటలు దాటిన వేళ గుంటూరు సీమ మీద చంద్రుని నీడ పడినది. పడమట బీజాపురం వైపు నుండి వనపర్తి మీదుగా వచ్చిన ఆ నీడ గుంటూరును, దాని ప్రక్కనే ఉన్న పెదకాకానిని, పరిసరాల ప్రత్తి చేలను కప్పి, మచిలీపట్నం దాటి సముద్రం మీదికి సాగిపోయినది. అయిదు నిముషాలకు పైగా సూర్యబింబం పూర్తిగా మరుగుపడినది.

ఆ అయిదు నిముషాల కొరకు సీమల నుండి పండితులు వచ్చినారు. గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని మేడ మీద జాన్సెన్ దూరదర్శిని బిగించినాడు. అదే ఊరిలో మేజర్ టెన్నంట్ మరొక బృందంతో ఉన్నాడు. వనపర్తిలో మద్రాసు వేధశాల ప్రథమ సహాయకులు చింతామణి రఘునాథాచార్యులు ఉన్నారు. మచిలీపట్నంలో ఆ వేధశాల అధిపతి నార్మన్ రాబర్ట్ పాగ్సన్ ఉన్నాడు. ఆనాటి గ్రహణం వలన జాన్సెన్ పేరు గుంటూరుతో శాశ్వతంగా ముడిపడినది. పాగ్సన్ పేరు మచిలీపట్నంలో ఎవరూ తలచుకోరు. అయినా నక్షత్రాల వెలుగును లెక్కగట్టే ప్రతి విద్యార్థీ నేటికీ ఆయన నిర్ణయించిన సంఖ్యనే వాడుతున్నాడు.

పాగ్సన్ 1829 మార్చి 23వ తేదీన ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో జన్మించినాడు. తండ్రి మేజోళ్ళు తయారుచేయించి అమ్మే వ్యాపారి. కుమారుడు కూడా ఆ వ్యాపారంలోనే కుదురుకోవలసినది. కాని బాలునికి లెక్కల మీద పోయినంతగా మనస్సు దేనిమీదా పోలేదు. పద్దెనిమిదేండ్ల వయస్సుకే రెండు తోకచుక్కల కక్ష్యలను గణించినాడు. అదే ఊరిలో పుట్టిన జాన్ రసెల్ హైండ్ అప్పటికే లండనులో పేరు పొందిన ఖగోళవేత్త. మద్యం వ్యాపారంలో ధనం గడించిన జార్జి బిషప్ రీజెంట్స్ పార్కులోని తన తోటలో ఒక వేధశాల కట్టించి హైండ్ చేతిలో పెట్టినాడు. 1851లో పాగ్సన్ అక్కడ సహాయకుడుగా చేరినాడు. మరుసటి ఏడు మొదట్లోనే ఆక్స్‌ఫర్డులోని రాడ్‌క్లిఫ్ వేధశాలకు మారినాడు. హైండ్ దగ్గర ఉన్నది కొద్దికాలమే. అయితే చిన్న చుక్కలను వాటి పొరుగు చుక్కలతో పోల్చి, పటంలో గుర్తించి, మరల మరల సరిచూచే అలవాటు ఆయనకు ఆ తోటలో అబ్బినది.

పాగ్సన్ వెళ్ళిపోయిన కొన్ని నెలలకే, 1852 అక్టోబరులో, హైండ్ అదే దూరదర్శినితో ఒక వింత చూచినాడు. వృషభరాశిలో, రోహిణీ శకటానికి సమీపంలో, పటంలో లేని ఒక చుక్క వెలుగుతున్నది. దాని ప్రక్కన పలుచని పొగమరక వంటి నీహారిక ఉన్నది. కొన్నాళ్ళు పరిశీలించేసరికి ఆ చుక్క కాంతి నిలకడగా ఉండడం లేదని తేలినది. వృషభరాశి చరతారలలో దానికి టి అనే అక్షరం దక్కినది. అదే నేటి టి టారి. కాంతి మారే నక్షత్రాలు అంతకు ముందే కొన్ని తెలుసు. అసలు వింత తరువాత జరిగినది. 1861లో కోపెన్‌హేగన్ నుండి దారెస్ట్ అనే జ్యోతిర్వేత్త చూడబోతే ఆ నీహారిక అక్కడ లేదు! చుక్క మారవచ్చు గాని, ఆకాశంలోని మేఘమే మాయమగుట ఎవరూ ఎరుగనిది. హైండ్ తాను చూచినది వెంటనే అచ్చు వేయించి ఉండకపోతే, అక్కడ నీహారిక ఉండేదని చెప్పినా నమ్మే దిక్కు లేకపోయెడిది.

ఆనాటి వారికి అర్థం కానిది ఈనాడు పాఠ్యపుస్తకాలకు కూడా ఎక్కినది. టి టారి మనకు సుమారు 470 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. నేడు మన కంటికి అందే దాని వెలుగు అళియ రామరాయల కాలంలో బయలుదేరినది. అది ధూళితోను, వాయువులతోను నిండిన ఒక చల్లని మేఘం లోపల క్రొత్తగా పుట్టిన నక్షత్రం. సూర్యునివలె కేంద్రంలో హైడ్రోజన్‌ను మండించే దశకు అది ఇంకా చేరలేదు. తన బరువుకు తాను కుంగుతూ, ఆ కుంగుబాటులో పుట్టే వేడితో వెలుగుతున్నది. చుట్టూ తిరిగే ధూళిచక్రం నుండి పదార్థం ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా దాని మీద పడుతుంది. ధూళి తెరలు అడ్డు వస్తూ, తొలగిపోతూ ఉంటాయి. కాబట్టి దాని కాంతికి నిలకడ లేదు. ప్రక్కన కనిపించే నీహారికకు స్వంత వెలుగు లేదు. ఆ చుక్క కాంతిని దూరపు ధూళి అద్దం వలె మన వైపు త్రిప్పి చూపుతున్నది. చుక్క దగ్గర ఒక ధూళితెర అడ్డు నిలిచినదంటే దాని నీడ ఆ అద్దం మీద పడి నీహారిక చీకటి అవుతుంది. గది గోడ మీది దీపకాంతిని దీపం ముందు పెట్టిన అరచేయి మరుగుపరచినట్టే. గోడ ఎక్కడికీ పోలేదు.

దాని వయస్సు సుమారు పదిలక్షల ఏండ్లు. సూర్యుని వయస్సు 460 కోట్ల ఏండ్లు. సూర్యుణ్ణి నలభై ఆరేండ్ల గృహస్థుగా భావిస్తే టి టారి పుట్టి నాలుగు రోజులైనా నిండని శిశువు. ఇంకా పురుడైనా వెళ్ళలేదు.

హైండ్ ఆ చుక్కను చూచిన నాటికి పాగ్సన్ ఆక్స్‌ఫర్డులో కాంతి మారే నక్షత్రాల వెంటనే పడి ఉన్నాడు. ఈ పని చేసే వారికి ఒక చిక్కు ఎదురయ్యేది. ప్రాచీన గ్రీకులు నక్షత్రాలను వెలుగును బట్టి ఆరు తరగతులు చేసినారు. అన్నింటికన్న వెలిగేవి మొదటి తరగతి, కంటికి అతికష్టంగా అందేవి ఆరవ తరగతి. దూరదర్శిని వచ్చిన తరువాత ఏడు, ఎనిమిది, తొమ్మిది అంటూ ఎవరి కన్నును బట్టి వారు తరగతులు పొడిగించుకున్నారు. ఒకరి తొమ్మిది మరొకరికి పదిన్నర. చరతార నిజంగా మారినదో, చూచేవాడు మారినాడో తేల్చుట కష్టం.

1856లో పాగ్సన్ దీనికి ఒక కొలబద్ద సూచించినాడు. మొదటి తరగతి చుక్క ఆరవ తరగతి చుక్క కంటె సుమారు నూరు రెట్లు వెలుగుతుందని అంతకు ముందే గమనించినారు. నడుమ ఉన్నవి అయిదు మెట్లు. ప్రతి మెట్టుకూ ఒకే నిష్పత్తి ఉండాలంటే ఆ నిష్పత్తి నూరునకు పంచమ మూలం కావాలి, అది 2.512. దాని సంవర్గమానం సరిగా 0.4. సంవర్గమాన పట్టికలతో రాత్రులు గడిపే గణకునికి ఇంతకంటె అనుకూలమైన సంఖ్య దొరకదు. ఇదంతా ఆయన ఒక గొప్ప సిద్ధాంతంగా ప్రకటించలేదు. లఘుగ్రహాల కాంతిని ముందుగా గణించి ఇచ్చిన ఒక పట్టికకు వివరణగా వ్రాసినాడు. అయినను లోకం దానినే స్వీకరించినది. టి టారి తొమ్మిదవ తరగతి నుండి పదమూడవ తరగతికి దిగినదంటే, నాలుగు మెట్లు, అనగా 2.512ను నాలుగుమార్లు హెచ్చవేయగా వచ్చినంత, ఇంచుమించు నలభై రెట్లు కాంతి తగ్గినదని హైస్కూలు విద్యార్థి అయినా లెక్క తేల్చగలడు.

అదే 1856లో ఆయన ఒక లఘుగ్రహాన్ని కనుగొన్నాడు. దానికి ఐసిస్ అని పేరు పెట్టినారు. అది ఆక్స్‌ఫర్డు వద్ద థేమ్స్ నదికి గల పేరు. ఆయన చిన్న కుమార్తె పేరు కూడా. మరుసటి ఏట ఇంకా రెండు దొరికినవి. తరువాత హార్ట్‌వెల్ గ్రామంలో ఒక భూస్వామి వేధశాలకు అధిపతి అయినాడు. 1860 మే నెలలో వృశ్చికరాశిలోని ఒక తారాగుచ్ఛం నడుమ ఇంతకు ముందు లేని చుక్క వెలుగుటను చూచినాడు. జర్మనీలో ఆవర్స్ అనే యువకుడు దానిని వారం ముందే చూచి ఉన్నాడు. తెలిసిన మసక గుచ్ఛం స్థానంలో చుక్క నిలిచినట్టు తోచిన ఆ రాత్రి పాగ్సన్ మనస్సులో గట్టిగా నాటుకొని ఉండాలి. జీవితాంతం ఆయన దృష్టి స్థిరమైన వాటి కంటె మారే వాటి మీదనే నిలిచినది.

ఆ సంవత్సరమే మద్రాసు ప్రభుత్వ జ్యోతిర్వేత్త ఉద్యోగం లభించినది. 1861 ఫిబ్రవరిలో భార్యాబిడ్డలతో మద్రాసు చేరినాడు. నుంగంబాకంలోని ఆ వేధశాల 1792లో కట్టినది. దాని నల్లరాతి స్తంభం మీద తెలుగు శాసనం కూడా ఉన్నది. ఉష్ణదేశపు నిర్మలాకాశం ఆయనను నిరాశపరచలేదు. రెండు నెలలు గడవక మునుపే, ఏప్రిల్ 17వ తేదీన, ఒక క్రొత్త లఘుగ్రహం చిక్కినది. ఆసియా ఖండం నుండి కనుగొన్న మొట్టమొదటి లఘుగ్రహం గనుక దానికి ఆసియా అనే పేరు పెట్టినాడు. సాఫో, సిల్వియా, కెమిల్లా, వీరా తరువాత వచ్చినవి. వాటిలో సిల్వియా చుట్టూ రెండు బుల్లి చంద్రులు తిరుగుతున్నవని ఇరువదియొకటవ శతాబ్దంలో తెలిసినది.

వేధశాలలో ఆయనకు లభించిన అసలు సంపద రఘునాథాచార్యులు. పంచాంగకర్తల కుటుంబంలో పుట్టి, చిన్న వయస్సులోనే వేధశాలలో చేరి, పాగ్సన్ రాకకు చాలా ముందు నుండి అక్కడ పనిచేస్తున్న వారు. 1867 జనవరిలో దక్షిణాకాశంలో, మద్రాసు నుండి చూస్తే దిగంతానికి కొంచెమే పైన, జాలరాశి అనదగిన చిన్న తారామండలంలో ఒక చుక్క కాంతి మారుతున్నట్టు ఆచార్యులవారు పట్టుకున్నారు. అదే ఆర్ రెటిక్యులి. ఆ చుక్క కనుగొన్న ఖ్యాతిని పాగ్సన్ తన వార్షిక నివేదికలో ఆచార్యులవారికే ఇచ్చినాడు. అధిపతులందరూ అలా చేసే రోజులు కావు. ఆధునిక పద్ధతిలో చరతారను కనుగొన్న తొలి భారతీయుడుగా ఆచార్యులవారు చరిత్రలో నిలిచినారు. ఆ నక్షత్రం టి టారి వంటి శిశువు కాదు, వృద్ధ నక్షత్రం. ఉబ్బి, ఎర్రబారి, సుమారు 280 రోజులకు ఒకసారి ఉచ్ఛ్వాస నిశ్వాసాల వలె కాంతి పెంచుకొని తగ్గించుకొంటుంది. బాగా వెలిగినప్పుడు దాదాపు కంటికి అందే చుక్క, కృశించినప్పుడు వేయి రెట్లు మసకబారుతుంది. ముసలిదానికి ఒక క్రమం ఉన్నది, పసిదానికి లేదు.

ఇక గ్రహణం మాట. మచిలీపట్నంలో పాగ్సన్ వర్ణపటదర్శినితో సూర్యజ్వాలలను చూచినాడు. కాంతి గీతలుగా విడిపోయినది. జ్వాలలు మండే వాయువులని తేలినది. వాటిలో పసుపుపచ్చని గీత ఒకటి ఉన్నది. గుంటూరులో ఆ గీతను చూచిన వారు సోడియానిదే అనుకొన్నారు. పాగ్సన్ మాత్రం సోడియం స్థానంలో లేదా దాని సమీపంలో అని వ్రాసి, ఆ సందేహాన్ని అట్లే ఉంచినాడు. ఆ గీత సోడియానిది కాదు; తరువాత హీలియం అని పేరు పొందిన మూలకానిది. జాన్సెన్ మరునాడే గ్రహణం లేకుండానే సూర్యజ్వాలలను చూచే ఉపాయం గుంటూరులో కనిపెట్టి పారిసుకు వ్రాసినాడు. లండనులో లాకియర్ కూడ అదే ఉపాయం కనుగొన్నాడు. ఇద్దరి లేఖలూ ఒకేరోజున ఫ్రెంచి పరిషత్తులో చదివినారు. పాగ్సన్ నివేదిక మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయి, దొరతనపు కాగితాలలో కలిసిపోయినది. శాస్త్ర పత్రికలకు ఎక్కలేదు. సరైన సందేహాన్ని తప్పు చోట దాచుట వలన ఆయనకు కలిగిన నష్టం అది.

ఇటువంటి నష్టం ఆయన జీవితంలో ఇది ఒక్కటే కాదు. 1862 నుండి పాతికేండ్లపాటు యామ్యోత్తర వలయ యంత్రంతో నక్షత్ర స్థానాలను ఏబదివేల సార్లకు పైగా కొలిపించినాడు. ఆ పట్టిక ఆయన బ్రతికి ఉండగా పూర్తిగా వెలువడలేదు. ఆక్స్‌ఫర్డులో మొదలుపెట్టిన చరతారల పటావళి మద్రాసులోనూ సాగినది గాని ముగియలేదు. సహాయకులు తక్కువ. అదనంగా మనుష్యుల నిమ్మని అడిగితే ప్రభుత్వం ఇవ్వలేదు. ఇంగ్లండు పండితులకు ఆయన ఆలస్యమే కనిపించినది. ఆయనకు వారి ఉదాసీనతే కనిపించినది. న్యాయంగా చెప్పాలంటే తప్పు ఒకవైపే లేదు. ఇంకొక రాత్రి చూస్తే ఈ సంఖ్య ఇంకా శుద్ధమౌతుందని భావించే వాని చేతి నుండి పుస్తకం ఎన్నడూ బయటకు రాదు.

ఇంటి కష్టాలూ తక్కువ కాదు. 1869లో భార్య ఎలిజబెత్ మరణించినది. పదకొండుగురు పిల్లలను కన్న తల్లి ఆమె. లఘుగ్రహానికి పేరు ఇచ్చిన ఐసిస్ తమ్ముళ్ళ, చెల్లెళ్ళ బాధ్యత వహిస్తూనే 1873 నుండి స్వల్ప వేతనం మీద వేధశాలలో సహాయకురాలైనది. 1886లో ఆమెను లండను రాజకీయ ఖగోళ పరిషత్తు సభ్యురాలుగా తండ్రి ప్రతిపాదించినాడు. పరిషత్తు శాసనపత్రంలో సభ్యుణ్ణి తెలిపే సర్వనామం పుంలింగంలో ఉన్నదని న్యాయవాదులు సెలవిచ్చినారు, ప్రతిపాదన వీగిపోయినది. వ్యాకరణం ఇంత పని చేయుట అరుదు. 1920లో ఆమెకు ఆ సభ్యత్వం వచ్చినది.

1872 నవంబరు చివర జర్మనీలోని గొట్టింగెన్ నుండి క్లింకర్‌ఫ్యూస్ పంపిన తంతివార్త మద్రాసుకు చేరినది. బీలా తోకచుక్క భూమిని తాకి పోయినదని, దక్షిణాన ఫలానా చుక్క దగ్గర వెదకవలసినదని సారాంశం. మబ్బులు విడిన రెండు రోజులు, డిసెంబరు 2, 3 తేదీలలో, పాగ్సన్ అక్కడ ఒక తోకచుక్కను చూచినాడు. తిరిగి మబ్బులు కమ్మినవి. అది బీలా కాదని తరువాతి గణితం తేల్చినది. ఏదో నేటికీ తేలలేదు.

ఆ రోజుల్లోనే రఘునాథాచార్యులు వేధ ద్వారా సరిచూచిన గణితంతో దృగ్గణిత పంచాంగం వెలువరించసాగినారు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటే సందర్భంలో, సిద్ధాంతులకు బోధపడునట్లు సంభాషణ రూపంలో ఒక చిన్న పుస్తకం వ్రాసి ఇంగ్లీషులోను, కొన్ని దేశభాషలలోను ప్రచురించినారు. 1872లోనే ఆయనకు లండను పరిషత్తు సభ్యత్వం లభించి ఉన్నది. 1880 ఫిబ్రవరి 5వ తేదీన మరణించినారు. నలభై ఏండ్ల అనుభవం గల కన్ను అది. దానికి బదులు పాగ్సన్‌కు మరొకటి దొరకలేదు.

పాగ్సన్ 1883లో మరల వివాహం చేసుకున్నాడు. 1885లో వీరా లఘుగ్రహం దొరికినది. 1891 జూన్‌లో కాలేయ వ్యాధితో మద్రాసులోనే కన్నుమూసినాడు. ముప్ఫయి ఏండ్లు ఒకే ఉద్యోగం, ఒకే వేధశాల. 1899లో ఖగోళశాస్త్రపు పని కొడైకెనాల్‌కు తరలిపోయినది. నుంగంబాకం వాతావరణశాఖకు మిగిలినది.

ఆయన తరువాత మిచీ స్మిత్ ఆ నక్షత్ర స్థానాలను సవరించి 5,303 నక్షత్రాల పట్టికగా వెలువరించినాడు. చరతారల కాగితాలు ఇంగ్లండు చేరినవి. బ్రూక్ అనే పరిశీలకుడు వాటిని విప్పి, వరుస పెట్టి, గణించినాడు. టర్నర్ ఆచార్యుడు పరిష్కరించినాడు. 1908లో 31 చరతారల మీద పాగ్సన్ చేసిన పరిశీలనలు లండను పరిషత్తు సంపుటిలో అచ్చయినవి. పరిశీలించినవాడు పోయి అప్పటికి పదిహేడేండ్లు. చరతార గడచిన రాత్రిని తిరిగి చూపదు. 1860ల నాటి దాని వెలుగు ఎంతో తెలియాలంటే ఆ రాత్రి చూచిన వాని కాగితమే దిక్కు. ఆ కాగితాలు చెదలపాలు కాకపోవుట శాస్త్రానికి దక్కిన భాగ్యం.

హైండ్ నీహారిక కథ కూడా పాగ్సన్ మరణానికి ముందే మరొక మలుపు తిరిగినది. 1890లో అమెరికాలోని లిక్ వేధశాల పెద్ద దూరదర్శినితో బర్నాం, బార్నార్డ్ ఆ చోట చూడగా మేఘం అత్యంత మసకగా మరల అగపడినది. చుక్కను అంటుకొని మరొక చిన్న నీహారిక కూడా ఉన్నది. 1945లో ఆల్ఫ్రెడ్ జాయ్ ఆ జాతి తారలను ఒక వర్గంగా గుర్తించి టి టారి పేరునే దానికి పెట్టినాడు. అవి బాల నక్షత్రాలని సోవియట్ పండితుడు అంబార్ట్సూమియన్ వాదించినాడు, అదే నిలిచినది. 1980ల ప్రారంభంలో ధూళి మరుగున దాగి ఉన్న ఒక తోడు నక్షత్రం పరారుణ కాంతిలో బయటపడినది.

రోహిణి కార్తెలో గుంటూరు సీమ ఎండకు మాడే రోజులలో సూర్యుడు సరిగ్గా ఆ చోటికి ముందు నిలుస్తాడు. అప్పుడు టి టారి కనిపించదు. సంక్రాంతి రోజులే దానికి తగిన కాలం. రాత్రి తొమ్మిది కాకముందు పెదకాకాని పొలాలలో నిలిచి చూస్తే కృత్తికలు, రోహిణి నడినెత్తికి వస్తాయి. వాటి నడుమ, కంటికి ఆనకుండా, ధూళిలో చుట్టుకొని ఆ పసిచుక్క ఉంటుంది. అదే వేళకు, అదే మధ్యాహ్న రేఖ మీద, దక్షిణ దిగంతానికి జానెడు ఎత్తున రఘునాథాచార్యులవారి ముసలి చుక్క కూడా నిలుస్తుంది. చిన్న దూరదర్శిని ఉన్నవారు, ప్రక్కనున్న చుక్కలతో పోల్చి, పాగ్సన్ తరగతులలో దాని కాంతిని ఆ రాత్రి తేదీతో వ్రాసుకోవచ్చు.